రియాక్టర్ బాగానే ఉంది, నూనెతోనే గొడవ: ఒక బయోడీజిల్ ప్లాంట్ కేస్ స్టడీ

తూర్పు తీరంలో ఒక పోర్టుకి దగ్గర్లో ఉన్న బయోడీజిల్ ప్లాంట్ సంగతి ఇది. పేరు, కెపాసిటీ, కొనేవాళ్ల వివరాలు రాయను. గుర్తుపట్టే వీలున్న చోట అంకెలు కాస్త అటూఇటూ చేశాను, కెమిస్ట్రీ మాత్రం ఉన్నది ఉన్నట్టే. పామ్ నూనె మీద బతికిన ప్లాంట్లు వాడేసిన వంటనూనెకి మారుతున్న చోటల్లా ఇదే గొడవ కనిపిస్తోంది, డబ్బు మాత్రం మొదట అవసరం లేని చోట పెడుతున్నారు. అందుకే రాస్తున్నాను.

ముందు సంగతి

2003లో ప్లానింగ్ కమిషన్ కమిటీ జట్రోఫా గురించి రిపోర్టు ఇచ్చాక దేశమంతా ఒక ఊపు వచ్చింది, గుర్తుండే ఉంటుంది. బంజరు భూముల్లో అడవి ఆముదం, కానుగ వేస్తే చాలు, డీజిల్ దానంతట అదే వస్తుందన్నారు. ఆ ఊపులో కట్టిన ప్లాంట్లలో ఇదొకటి. నీళ్లూ ఎరువూ లేని చోట చెట్టు బతికింది గానీ కాపు కాయలేదు, గింజ ప్లాంటు దాకా రాలేదు. అప్పుడు పోర్టు పక్కనే ఉండటం అక్కరకొచ్చింది. ఇండోనేషియా, మలేషియా నుంచి శుద్ధి చేసిన పామ్ స్టియరిన్ తెప్పించుకుని నడిపారు. పామ్ నూనెని చల్లబరిచి వేరు చేస్తే గడ్డకట్టే భాగం అది. శుభ్రమైన సరుకు. అందులో ఎఫ్ఎఫ్ఏ, అంటే కొవ్వు నుంచి విడిపోయిన ఫ్యాటీ యాసిడ్లు, అర శాతం లోపే ఉండేవి.

అలాంటి నూనె ఉంటే బయోడీజిల్ చేయడం పెద్ద విద్యేమీ కాదు. మిథనాల్, కెటలిస్ట్‌గా సోడియం మిథాక్సైడ్ వేసి 60 డిగ్రీల దగ్గర కలియబెడితే కొవ్వు విడిపోయి మిథైల్ ఎస్టర్ అవుతుంది, బయోడీజిల్ అంటే అదే, నూనె బరువులో దాదాపు పదో వంతు గ్లిజరిన్ అడుక్కి దిగుతుంది. ఎస్టర్‌ని కడిగి, ఆరబెట్టి అమ్ముకోవడమే. ప్లాంటు మొత్తం ఈ ఒక్క నమ్మకం మీదే కట్టారు. నూనె శుభ్రంగానే వస్తుంది, మనం రియాక్షన్ చూసుకుంటే చాలు అని.

ఆ నమ్మకం చెడింది మన దగ్గర కాదు, జకార్తాలో. ఇండోనేషియా తన డీజిల్‌లో పామ్ బయోడీజిల్ వాటాని 2020లో 30 శాతానికి, 2023లో 35కి, 2025లో 40కి పెంచుకుంటూ పోయింది. ఒకప్పుడు మన పోర్టులకి వచ్చిన నూనె అక్కడి బస్సులకే పోవడం మొదలైంది. మధ్యలో 2022 ఏప్రిల్ 28న ఆ దేశం పామ్ నూనె ఎగుమతులే ఆపేసింది. నెల తిరగకుండానే, మే 23న, ఎత్తేశారనుకోండి. కానీ ఆ కొద్ది వారాల్లో ఈ ప్లాంట్ ట్యాంకులు ఎండిపోయాయి. ఎండీ గారికి టెన్షన్ పట్టుకుని, దొరికిన నూనెనల్లా కొనమన్నారు. హోటళ్ల నుంచి వచ్చే వాడిన నూనె, రిఫైనరీల్లో మిగిలే యాసిడ్ ఆయిల్, మాంసం వ్యర్థాల నుంచి కాచిన కొవ్వు, అన్నీ ఒకే ట్యాంకులోకి పోయాయి.

నన్ను పిలిచేసరికి

నేను వెళ్లేసరికి ముగ్గురు మూడు రోగాలు చెప్పారు. ప్రొడక్షన్ వాళ్లు సెట్లర్‌లో, అంటే ఎస్టర్, గ్లిజరిన్ తేరుకునే ట్యాంకులో, గ్లిజరిన్ విడిపోవడం లేదన్నారు, మధ్యలో మీగడలాంటి పొర రోజుల తరబడి కదలకుండా నిలబడిపోతోందట. ల్యాబ్ వాళ్ల బాధ సోడియం, సల్ఫర్. యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 14214 ప్రకారం సల్ఫర్ కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు, వీళ్ల లాట్లు కొన్ని దాటేస్తున్నాయి. ఇక్కడే అమ్ముకుందామన్నా 2020 ఏప్రిల్ నుంచి మన బీఎస్-6 డీజిల్‌కీ అదే గీత. అమ్మకాల వాళ్లయితే ఫిల్టర్లు మూసుకుపోతున్నాయంటూ తిరిగొచ్చిన ట్యాంకర్ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు. ఇవన్నీ కాకుండా అందరూ నెమ్మదిగా చెప్పే మాట ఇంకోటి ఉంది, యీల్డ్, అంటే కొన్న నూనెకి వచ్చే ఎస్టర్, పడిపోయిందని.

అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్ద ఆపరేటర్ ఉన్నారు. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఏముంది సార్, మనం డీజిల్ ఫ్యాక్టరీ మూసేసి సబ్బు ఫ్యాక్టరీ పెట్టుకున్నాం." రోగ నిర్ధారణ అక్కడే అయిపోయింది, నేను చేసిందల్లా దాన్ని అంకెల్లో పెట్టడం.

ఎందుకంటే అప్పటికే ఒక మెషిన్ కంపెనీ వాళ్లు వచ్చి, మీ రియాక్టర్‌లో కలపడం చాలడం లేదు, ఇంకా గట్టిగా చిలికే హై షియర్ మిక్సర్ పెట్టండని కొటేషన్ ఇచ్చి వెళ్లారు. మేనేజ్‌మెంట్ దాదాపు ఒప్పేసుకుంది. కొత్త మెషిన్ మాట కన్నా మీ నూనె బాగోలేదన్న మాట వినడం కష్టం కదా.

నేను అడిగింది మాస్ బ్యాలెన్స్. వచ్చిన నూనె ఎంత, పోయిన ఎస్టర్ ఎంత, గ్లిజరిన్ ఎంత, వాష్ వాటర్‌లో పోయింది ఎంత, ఒక్కో దాంట్లో సబ్బు ఎంత. నూరు టన్నుల నూనెలో ఎఫ్ఎఫ్ఏ 10 శాతం ఉందనుకుందాం. ఆ పది టన్నుల యాసిడ్ ఎస్టర్ కాదు, సోడియంతో కలిసి దాదాపు 10.8 టన్నుల సబ్బు అవుతుంది. దానికోసం 1.4 టన్నుల కాస్టిక్‌కి సమానమైన కెటలిస్ట్‌ని తినేస్తుంది. కెటలిస్ట్ చాలక రియాక్షన్ సగంలో ఆగితే ఆపరేటర్ ఇంకాస్త వేస్తాడు, అప్పుడు ఇంకాస్త సబ్బు. ఆ సబ్బు నీళ్లనీ ఎస్టర్‌నీ పట్టుకుని వదలదు, మంచి ఎస్టర్‌ని కూడా వాష్ వాటర్‌లోకి లాక్కుపోతుంది. లెక్క తీస్తే పోయిన యీల్డ్‌లో ఎక్కువ భాగం ఇక్కడే దొరికింది. ఇలాంటి నూనెలో మిక్సర్ ఎంత బలంగా తిప్పితే ఎమల్షన్, అంటే విడిపోని ఆ మీగడ, అంత గట్టిపడుతుంది, అంటే ఆ మెషిన్ కొంటే రోగం ముదిరేది.

మరి సప్లయర్ సర్టిఫికెట్లలో ఎఫ్ఎఫ్ఏ తక్కువే ఉంది కదా అన్నారు. ట్యాంకర్ పైనుంచి, మధ్యలోంచి, అడుగు నుంచి విడివిడిగా శాంపిల్ తీయించాం. పైన ఉన్నది మంచి నూనె. అడుగున నీళ్లు, ముద్దలు, పిండి మడ్డి. సర్టిఫికెట్ పైదానికి ఇచ్చారు, డబ్బు మొత్తానికి తీసుకున్నారు.

చూసిన దారులు, కుదరనివి

మొదటి ఆలోచన పాత రిఫైనరీల పద్ధతి. కాస్టిక్ వేసి యాసిడ్‌ని ముందే సబ్బు చేసి తీసేయడం. ఎఫ్ఎఫ్ఏ రెండు మూడు శాతం ఉన్నప్పుడు ఇది నడుస్తుంది. పది పదిహేను ఉంటే కొన్న నూనెలో అంత భాగాన్నీ, దానితో కలిసి పోయే మంచి నూనెనీ సోప్‌స్టాక్ అనే సబ్బు మడ్డి ధరకి అమ్ముకోవాలి. కాగితం మీదే వదిలేశాం.

రెండోది యాసిడ్ ఎస్టరిఫికేషన్. ఎఫ్ఎఫ్ఏని పారేయకుండా సల్ఫ్యూరిక్ యాసిడ్, మిథనాల్‌తో దాన్ని కూడా ఎస్టర్‌గా మార్చేయడం. పుస్తకాల్లో అందరూ రాసేది ఇదే. ప్లాంట్‌లో ఖాళీ వెసెల్ ఒకటి ఉంది, మిథనాల్ ఉంది, కొత్తగా కొనాల్సింది తక్కువ. మార్కెట్‌లో డబ్బు రావడం ఆగిపోయిన టైమ్ అది, తక్కువ ఖర్చుతో వారాల్లో మొదలుపెట్టగలిగేది ఇదొక్కటే. ఆ కారణానికి ఒప్పుకున్నాం, ఇప్పటికీ ఆ పరిస్థితిలో అది తప్పు నిర్ణయం అనుకోను.

కానీ నిలబడలేదు. ఈ రియాక్షన్‌లో నీళ్లు పుడతాయి. పది టన్నుల ఎఫ్ఎఫ్ఏకి సుమారు 640 కిలోల నీళ్లు. ఆ నీళ్లు పేరుకునే కొద్దీ రియాక్షన్ ముందుకి కదలదు, కాబట్టి మధ్యలో తడి మిథనాల్ తీసేసి పొడి మిథనాల్‌తో మళ్లీ నడపాలి. ఆ తడి మిథనాల్ అంతా నీళ్లు వేరుచేసే రికవరీ కాలమ్‌కి వెళ్లింది. ఆ కాలమ్ డిజైన్ చేసింది స్టియరిన్ రోజుల్లో, అంత నీళ్లు వస్తాయని ఎవరూ అనుకోలేదు. అది పూర్తిగా ఆరబెట్టలేక కొంచెం నీళ్లున్న మిథనాల్‌నే వెనక్కి పంపింది, ఆ మిథనాల్ అసలు రియాక్టర్‌లోకి వెళ్లి అక్కడ మళ్లీ సబ్బు చేసింది. ముందు గదిలో తీసేసిన సబ్బు వెనక గదిలో పుట్టిందన్నమాట. పైగా వాడిన యాసిడ్‌లోని సల్ఫర్ కొంత ఎస్టర్‌లోనే ఉండిపోయి, అసలే గీత దాటుతున్న అంకెని ఇంకా పైకి నెట్టింది. చివరికి యాసిడ్ లైన్‌లో ఒక వెల్డ్ దగ్గర చిల్లి పడి కారడం మొదలయ్యాక ఆపేశాం. ఆమ్లం, నీళ్లు, వేడి మిథనాల్ కలిసిన చోట లీక్ అయితే నష్టం యీల్డ్‌తో ఆగదు.

ఎంజైమ్ దారి కూడా గట్టిగానే చూశాం. లైపేజ్ అనే ఆ ఎంజైమ్‌కి ఎఫ్ఎఫ్ఏ అంటే భయం లేదు, కొంచెం నీళ్లున్నా ఇబ్బంది లేదు, వేడి తక్కువ చాలు. కానీ గంటల్లో అయ్యే పని రోజు దాకా పడుతుంది, అదే టన్నేజీ తీయాలంటే రియాక్టర్ ట్యాంకులు ఎన్నో రెట్లు కావాలి. ఈ ప్లాంట్‌లో స్థలం లేదు. కొత్తగా కట్టేవాళ్లయితే మాత్రం దీన్ని తప్పకుండా చూడాలి.

ఎండీ గారి మనసంతా మాత్రం హెచ్‌వీఓ మీద, అంటే నూనెని హైడ్రోజన్‌తో డీజిల్‌గా మార్చే పద్ధతి మీద. "అందరూ దానికే పోతున్నారు కదండీ, మనం ఈ పాత పద్ధతి పట్టుకుని వేలాడటం ఎందుకు?" అని అడిగారు. సరైన ప్రశ్నే. ఫిన్లాండ్‌లో నెస్టే కంపెనీ 2007లో పోర్వోలో మొదలుపెట్టి, 2010లో సింగపూర్, 2011లో రోటర్‌డామ్ ప్లాంట్లు తెరిచింది. ఇటలీలో ఎనీ కంపెనీ 2014లో వెనిస్ దగ్గరి ముడిచమురు రిఫైనరీనే ఈ పనికి మార్చేసింది. అక్కడ మిథనాల్ ఉండదు. నూనెని హైడ్రోజన్‌తో 300 డిగ్రీల పైన, పదుల బార్ల ప్రెజర్‌లో కెటలిస్ట్ మీద నడిపి ఆక్సిజన్‌ని లాగేస్తారు. వచ్చేది మామూలు డీజిల్ లాంటి హైడ్రోకార్బనే, ఇంకాస్త పని చేస్తే విమానాల ఇంధనం కూడా. యూరప్‌లో విమాన ఇంధనంలో 2025కి 2 శాతం, 2030కి 6 శాతం ఇలాంటిది కలపాలని చట్టమే ఉంది, గిరాకీకి లోటు లేదు.

అయినా వద్దన్నాను, రెండు కారణాలకి. నూనె బరువులో 2 నుంచి 4 శాతం దాకా హైడ్రోజన్ కావాలి. రిఫైనరీకి అది ఇంట్లో ఉన్న సరుకు, వీళ్లు హైడ్రోజన్ ప్లాంటే కట్టుకోవాలి. ఈ సైజు కంపెనీ ఆ అప్పు మోయలేదు. రెండోది అసలు కారణం. ఆ కెటలిస్ట్ మన సోడియం మిథాక్సైడ్ కన్నా సుకుమారం, ఫాస్ఫరస్, లోహాలు, క్లోరైడ్ తగిలితే చచ్చిపోతుంది. అందుకే ఆ పెద్ద ప్లాంట్లు కూడా నూనె శుభ్రం చేసే యూనిట్లకి బోలెడంత ఖర్చు పెడతాయి. హెచ్‌వీఓకి పోయినా, పోకపోయినా, ముందు కట్టాల్సింది అదే. కాబట్టి ఆ డబ్బేదో ఇప్పుడే పెడదాం, రేపు ఏ దారి పట్టినా వృథా కాదు అన్నాను. ఎండీ గారు ఒప్పుకున్నది ఈ మాటకే అనుకుంటున్నాను, నా సబ్బు లెక్కలకి కాదు.

పనిచేసింది

గేటు దగ్గర మొదలుపెట్టాం. ప్రతి ట్యాంకర్‌కీ మూడు మట్టాల శాంపిల్, అక్కడికక్కడే టైట్రేషన్ చేసి ఎఫ్ఎఫ్ఏ కొలవడం. ధర కూడా ఎఫ్ఎఫ్ఏ, ఎంఐయూ బట్టి కట్టాలి, ఎంఐయూ అంటే తేమ, చెత్త, సబ్బుగా మారని పదార్థం కలిపిన లెక్క. నీళ్లకి నూనె ధర ఇవ్వడం ఆగిపోయేసరికి కొంతమంది సప్లయర్లు రావడం మానేశారు, పర్చేజ్ మేనేజర్ చాలా కంగారు పడ్డారు. కొన్నాళ్లకి వాళ్లలో కొందరు నీళ్లు వంపేసుకుని తిరిగొచ్చారు.

తర్వాత కడగడం. వేడి చేసి నిలబెట్టి అడుగు వంపేయడం, సిట్రిక్ యాసిడ్ నీళ్లతో కడిగి సెంట్రిఫ్యూజ్ చేయడం, ఆరబెట్టి బ్లీచింగ్ ఎర్త్ అనే మలినాలు పీల్చే మట్టి వేసి వడకట్టడం. ఇందులో కొత్తదేం లేదు, ఏ వంటనూనెల రిఫైనరీలోనైనా ఉండేదే. ఒక్క విషయం దగ్గర ఆగాలి. ఫిల్టర్లు మూసుకుపోవడానికి కారణాల్లో ఒకటి ప్లాస్టిక్. కాచిన కొవ్వుల్లో కవర్ల పాలిథిన్ కరిగిపోయి ఉంటుంది, నూనె బాగా వేడిగా ఉంటే ఫిల్టర్‌లోంచి హాయిగా జారిపోతుంది, చల్లబడ్డాక తేలుతుంది, అది కూడా కస్టమర్ ట్యాంకులో. ఆపరేటర్లకి వేడి నూనె వడకట్టడం సులువు కాబట్టి టెంపరేచర్ పెంచేవాళ్లు. కొవ్వు గడ్డకట్టకుండా ఎంత తక్కువలో వడకట్టగలమో చూసి అక్కడ బిగించేశాం. ఫ్లో తగ్గింది, తిట్టుకున్నారు, ఆ కంప్లయింట్ మాత్రం చాలావరకు పోయింది.

అసలు ఎఫ్ఎఫ్ఏకి ఎంచుకున్నది గ్లిజరాలిసిస్. నూనెలో గ్లిజరిన్ వేసి 200 నుంచి 220 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో ఉంచితే ఫ్యాటీ యాసిడ్ వెళ్లి గ్లిజరిన్‌కి అతుక్కుని మోనో, డై గ్లిజరైడ్ అవుతుంది, అంటే మళ్లీ నూనె లాంటి కొవ్వే. మిథనాల్ అక్కర్లేదు, సల్ఫ్యూరిక్ యాసిడ్ అక్కర్లేదు. నీళ్లు ఇక్కడా పుడతాయి కానీ ఆ వేడికి, వాక్యూమ్‌కి ఆవిరై బయటికి పోతాయి, రియాక్షన్‌కి అడ్డం పడవు. పది టన్నుల ఎఫ్ఎఫ్ఏకి లెక్క ప్రకారం మూడుంపావు టన్నుల గ్లిజరిన్ చాలు, అది ప్లాంట్‌లో పుట్టేదే, తర్వాతి రియాక్టర్‌లో మళ్లీ విడిపోయి తిరిగొస్తుంది కూడా. యాసిడ్ దారిలో మనల్ని ముంచినవి సల్ఫర్, తడి మిథనాల్, తుప్పు. ఈ దారిలో మొదటి రెండూ లేవు, అందుకే ఎంచుకున్నాం. కావాల్సింది వేడి నూనెతో కాచే థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్, వాక్యూమ్ సిస్టమ్. డీజిల్ లీటర్‌కి ఖర్చయ్యే వేడి పెరుగుతుంది, అది ఒప్పుకునే దిగాం.

మొదట్లో సాఫీగా నడవలేదు. తేమ ఉన్న నూనెని త్వరగా వాక్యూమ్‌లో పెట్టేసరికి పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగి, కొవ్వంతా వాక్యూమ్ లైన్లలోకి పోయింది. 110, 120 డిగ్రీల దగ్గర కాసేపు ఆపి తేమ పోగొట్టి, ఆ తర్వాతే వాక్యూమ్ మెల్లగా పెంచమని రూల్ పెట్టాక ఆగింది. తుప్పు మాత్రం ఇక్కడికీ వచ్చింది. ప్లాంట్‌లో గ్లిజరిన్‌లోని సబ్బుని విరగ్గొట్టడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడేవాళ్లు. దానివల్ల గ్లిజరిన్ నిండా ఉప్పు. ఆ ఉప్పుతో 200 డిగ్రీల్లో స్టెయిన్‌లెస్ స్టీల్ కాయిల్ మీద సన్నటి గుంటలు కనిపించాయి. రెండు దారులున్నాయి, ఖరీదైన లోహం కాయిల్ వేయడం, లేదా ఉప్పు లేని గ్లిజరిన్ వాడటం. ప్లాంట్‌లోనే గ్లిజరిన్ డిస్టిలేషన్ ఉంది కాబట్టి రెండోది. అమ్ముకునే మంచి గ్లిజరిన్‌ని లోపలికి తిప్పడమేంటని అకౌంట్స్ వాళ్లు గొణిగారు, అందులో ఎక్కువ భాగం తిరిగి వస్తుందని చూపించాక ఊరుకున్నారు.

ఇలా తయారైన నూనె రియాక్టర్‌కి వెళ్లేసరికి ఎఫ్ఎఫ్ఏ ఒక శాతం లోపుకి వచ్చింది. పాత రియాక్టర్, పాత మిక్సర్, పాత సెట్లర్. ఒక్క బోల్టు మార్చకుండా గ్లిజరిన్ మళ్లీ గీత గీసినట్టు విడిపోవడం మొదలైంది.

చివరిది ఎస్టర్ డిస్టిలేషన్. మేనేజ్‌మెంట్ దీన్ని మొదటే కొందామంది, చివర్లో డిస్టిల్ చేస్తే అన్ని దోషాలూ పోతాయి కదా అని. ముందు పెట్టొద్దని వాదించాను. సబ్బున్న ఎస్టర్‌ని కాలమ్‌లోకి పంపితే అడుగున మడ్డి కడుతుంది, మిగిలిపోయిన ప్రతి దోషం బాటమ్స్‌గా, అంటే కాలమ్ అడుగున ఆవిరి కాకుండా మిగిలేదానిగా, పోతుంది, అంటే కొన్న నూనెని బాయిలర్‌లో తగలబెట్టుకోవడమే. ముందు భాగం కుదుటపడ్డాక పెడితే బాటమ్స్ తగ్గుతాయి, కాలమ్ కూడా చిన్నది చాలు. అలాగే చేశాం. మోనోగ్లిజరైడ్లు, పామ్‌లో వచ్చే స్టెరాల్ గ్లూకోసైడ్లు, సోడియం, రంగు, అన్నీ వెనకే ఉండిపోయాయి. ఫిల్టర్ కంప్లయింట్లలో మిగిలినవి దీంతో తగ్గాయి.

దీనికి రెండు మెలికలున్నాయి, కొనే ముందు ఎవరూ చెప్పరు. నూనెలో సహజంగా ఉండే యాంటీ ఆక్సిడెంట్లు కూడా బాటమ్స్‌లో ఉండిపోతాయి. చూడటానికి నీళ్లలా తేటగా ఉన్న ఎస్టర్ ఆక్సిడేషన్ టెస్టులో మురికి ఎస్టర్ కన్నా ముందే పోతుంది. 110 డిగ్రీల దగ్గర 8 గంటలు నిలబడాలి, కాబట్టి డిస్టిల్ అయిన వెంటనే, ట్యాంకులో నిల్వ పెట్టకముందే, యాంటీ ఆక్సిడెంట్ వేయాలి. రెండోది సల్ఫర్. కొన్ని సల్ఫర్ పదార్థాలు ఎస్టర్‌తో పాటే ఆవిరై పైకొస్తాయి, డిస్టిలేషన్ కొంతే తగ్గించగలదు. అందుకే యాసిడ్ ఆయిల్‌కి వేరే ట్యాంకు పెట్టాం. అది సల్ఫ్యూరిక్‌తో విరగ్గొట్టి తీసిన సరుకు, పుట్టుకతోనే సల్ఫర్ ఉంటుంది. గట్టి స్పెసిఫికేషన్ అడిగే లాట్లలో దాన్ని కలపరు. ఎంత తక్కువ ధరకి వచ్చినా సరే.

ఇంకా తేలనివి

కెమిస్ట్రీ దారిలో పడింది, నూనె దొరకడం మాత్రం కష్టమవుతోంది. మన దేశంలో 2018 జూలై నుంచి టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే కాగీ కాగీ పాడైన పదార్థాలు, 25 శాతం దాటిన నూనెతో వంట చేయకూడదు, అలాంటి నూనెని బయోడీజిల్‌కి మళ్లించాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూకో అని కార్యక్రమం కూడా పెట్టింది. 2019లో ఆయిల్ కంపెనీలు ఆ నూనెతో చేసిన బయోడీజిల్‌ని మొదటి ఏడాదికి లీటర్ 51 రూపాయలకి కొంటాం, ఆసక్తి ఉన్నవాళ్లు రండని పిలిచాయి. కానీ పెద్ద హోటల్ వాడిన నూనె చిన్న బండికి అమ్ముడుపోతుంది, అక్కడ మళ్లీ బజ్జీలు వేగుతాయి. ఆ బండి ఇచ్చే రేటుతో పోటీ పడాల్సింది ఈ ప్లాంటే. యూరప్‌లో వాడిన నూనెతో చేసిన ఇంధనాన్ని పునరుత్పాదక ఇంధన లక్ష్యాల లెక్కలో రెండింతలుగా చూపించుకునే వీలుంది, దానివల్ల ఒక్కోసారి కొత్త పామ్ నూనె కన్నా మాడిన నూనె ఖరీదు ఎక్కువ పలికింది. మంచి నూనెనే వాడిన నూనెగా చూపించే మోసాల మీద అనుమానాలు అక్కడినుంచే వచ్చాయి. కాబట్టి ఎగుమతి చేయాలంటే ఏ నూనె ఏ హోటల్‌ది అన్న కాగితం ల్యాబ్ రిపోర్టంత ముఖ్యం. ప్లాంట్ ఇప్పుడు ఆ కాగితాలకే ఒక మనిషిని పెట్టుకుంది.

ఇలాంటి ప్లాంట్ ఉన్నవాళ్లు నన్ను అడిగితే మొదట అడుగు శాంపిల్ తీయమంటాను, తర్వాత సబ్బు లెక్క వేయమంటాను, ఆ రెండూ చూశాకే కొటేషన్లు తెరవమంటాను. ఎఫ్ఎఫ్ఏ ఎప్పుడూ రెండు మూడు శాతం దాటని వాళ్లకి గ్లిజరాలిసిస్ దండగ. డిస్టిలేషన్ అందరికీ అవసరం లేదు, కానీ కొవ్వులు, వాడిన నూనె కలిపి నడుపుతూ అది లేకుండా యూరప్ స్పెసిఫికేషన్ ప్రతి లాట్‌లో పట్టుకుంటామని చెప్పేవాళ్లని నేను నమ్మను.

ఎండీ గారు ఇప్పటికీ హెచ్‌వీఓ సంగతి అడుగుతూనే ఉంటారు. శుభ్రం చేసిన నూనెలో ఫాస్ఫరస్, లోహాలు, క్లోరైడ్ ఎంత ఉంటున్నాయో ల్యాబ్ చేత నెలనెలా రాయిస్తున్నాను. ఫాస్ఫరస్ బాగానే ఉంది. క్లోరైడ్ ఇంకా దిగలేదు.